అరువు మొండెం

ముఖం అయిపోయింది. ఇక మనిషి మిగిలాడు. బొమ్మ గీస్తున్న బావ వీపు వెనక గోడకి ఆనించిన నిలువుటద్దంలో కాన్వాసు ఎడమ కుడి తారుమారై కనిపిస్తోంది. పైన ప్రిన్సిపాల్ తల, మెరిసే నుదురు, దయ ఒలకబోస్తున్న కళ్ళు, కాలరు దాకా వచ్చి ఆగిపోయిన మెడ. ఆ కింద అంతా తెలుపు, బొగ్గుతో లాగిన నాలుగు గీతలు. గుమ్మడికాయని తీగ నుంచి కోసి ఉతికిన దుప్పటి మీద పెట్టినట్టుంది, అనుకున్నాడతను. ఆ తెలుపు నింపడానికే తనని ఈ ఎత్తు బల్ల మీద, ఈ చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. తొడుక్కున్న గౌను ప్రిన్సిపాల్‌ది. నల్లటి నలుపు, ఎర్ర అంచు, కలరా ఉండల వాసన. గౌను లోపల ఉన్న భుజాలు, పొట్ట, మోకాళ్ళు, చేతులు మాత్రం అతనివి. పెద్దమనుషులకి తల ఇచ్చేపాటి తీరికే ఉంటుంది గానీ ఒళ్ళు ఇచ్చే తీరిక ఉండదు. నాలుగైదు పూటలు కూర్చుని ముఖం అప్పజెప్పి, బట్టలు పంపించేసి వాళ్ళ దారిన వాళ్ళు పోతారు. మెడ కింద నుంచి అంతా బావమరిదే. జడ్జిగారి కోటులో అతనే, కళ్ళ డాక్టరు తెల్ల కోటులో అతనే, రేవు అధికారి ఇత్తడి గుండీల వెనకా అతనే. ఈ ఊళ్ళో గొప్పవాళ్ళ గోడల మీదంతా అతని చేతులు ఒద్దికగా ఒళ్ళో పడుకుని ఉన్నాయి, పైన ఎవరెవరివో తలకాయలు మోస్తూ.

“మా మొండెం” అని పరిచయం చేస్తాడు బావ, బొమ్మ చూడ్డానికి వచ్చినవాళ్ళకి. “తలకాయలకేముందండీ, వీధికి వంద. నిలకడగా కూర్చునే మొండేలకే కరువు.” వాళ్ళు నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. నవ్వకపోతే రోషం అనుకుంటారు, రోషం ఉన్నవాడు బావ ఇంట్లో పడి ఎందుకుంటాడని కూడా అనుకుంటారు. వంటింట్లోంచి అక్క “ఛీ, శుభమా అని అవేం మాటలండీ” అంటుంది, ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. బాగు కోరేవాడు బామ్మర్ది అన్నారు పెద్దలు. ఎవరి బాగు అన్నది చెప్పకుండా తెలివిగా వదిలేశారు.

“ఏమోయ్, ముళ్ళ మీద కూర్చున్నావా? సర్దుకో.”

“సర్దుకునే కూర్చున్నా బావా. నువ్వు నీ రంగులు సర్దుకో.”

“మొండేనికి నోరెక్కడిదోయ్?”

“పైనున్నాయన ఇంకా మాట్లాడ్డం మొదలుపెట్టలేదుగా. అందాకా నేను.”

బావ కిచకిచ నవ్వి కాన్వాసు చాటుకి వెళ్ళిపోయాడు. ఇక కాసేపు రాడు. గౌను భుజం దగ్గర మొదలుపెడతాడు, ఎప్పుడూ అంతే, పైనుంచి కిందికి, వాన కారినట్టు. ఒడి దాకా, మోకాళ్ళ దాకా దిగేసరికి టైముంది. ఆ టైమే అతనికి కావాలి. ఈ గౌను ఎవరిదో తెలిసిన రోజు అక్క అతని ముఖం చూడకుండా అన్నం పెట్టింది. తరవాత చెంగుతో చేతులు తుడుచుకుంటూ, “నీకు కష్టమైతే చెప్పరా, ఆయన ఇంకెవర్నైనా చూసుకుంటారు” అంది. “నాకేం కష్టమక్కా, మొండేనికి మనసేంటి” అన్నాడు. అక్క ఏడ్చింది. అక్క ఏడుపంటే కూడా అతనికి చిన్నచూపే, వాషరు పోయిన కుళాయి, ఎవరు చెయ్యి పెట్టినా కారుతుంది. తమ్ముణ్ణి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలోంచి తీసేసిన మనిషికి తమ్ముడి ఒళ్ళే అరువివ్వాల్సి వచ్చిందని ఆవిడ బాధ. అందులో ఎంత అవకాశం ఉందో ఆవిడకి తట్టలేదు. అతనికి మాత్రం ముద్ద మింగేలోపే తట్టింది.

ఆనుకోకూడదు. అంతే, అదొక్కటే. ప్రస్తుతానికి వీపు కుర్చీకి తగిలే ఉంది. కానీ గౌను లోపల, ఎవరికీ తెలియకుండా, నడుము కొంచెం కొంచెం ముందుకి జరుగుతోంది. బావ ఒడి దాకా వచ్చేసరికి ఈ మొండెం కుర్చీ అంచుకి వచ్చి కూర్చుని ఉంటుంది, మోకాళ్ళు దగ్గరగా, మడమలు కాస్త లేచి, రెండు చేతులూ మోకాలిచిప్పల మీద, లోపలి నుంచి ఎవరో పిలిస్తే చప్పున లేవడానికి సిద్ధంగా. పని అడగడానికి వచ్చినవాడు కూర్చున్నట్టు. బిడ్డకి సీటు అడగడానికి వచ్చిన తండ్రి కూర్చున్నట్టు. పైన చూస్తే దయ ఒలికే పెద్దమనిషి, కింద చూస్తే పిలుపు కోసం కాచుకున్న పేదరికం. వచ్చే వారం పదవీ విరమణ సభలో గుడ్డ లాగుతారు, చప్పట్లు కొడతారు, బొమ్మని సమావేశాల గదిలో మిగతా ప్రిన్సిపాళ్ళ వరసలో వేలాడదీస్తారు. ఎవరికీ ఏమీ అర్థం కాదు. అయినా ఆ బొమ్మ ముందు నిలబడ్డ ప్రతివాడికీ కారణం తెలియకుండా ఆ మనిషి మీద ఇంత జాలి, ఇంత చులకన పుడతాయి. ఏళ్ళ తరబడి. గోడ ఉన్నంతకాలం. తిడితే పోలీసులకి చెబుతారు, ఉమ్మితే తుడిచేస్తారు. దీన్నేం చేస్తారు? మనస్తత్వశాస్త్రం చదివినవాడి చెయ్యి కాదు పడింది, ఒళ్ళు పడింది.

ఎందుకంటే ముఖంలో ఏమీ ఉండదు. ఈ సంగతి బావకి చెప్పి లాభం లేదు. “కళ్ళలోనే ఉందోయ్ అంతా” అంటాడు, సన్న కుంచెతో కంటిపాపలో తెల్ల చుక్క పెడుతూ. ప్రతి కంటికీ ఒక చుక్క, కిటికీ వైపున. అదే చుక్క జడ్జికి, అదే చుక్క డాక్టరుకి, ఒక కుంచె, ఒక ట్యూబు. దాన్ని చూసి జనం ‘అబ్బ, ఆత్మ పట్టేశారండీ’ అంటారు. ఆత్మ జింకు తెల్లరంగు ట్యూబులో దొరుకుతుందని తెలిస్తే సన్యాసులంతా రంగుల కొట్టు ముందు వరస కట్టేవారు. బావ బొమ్మల్లో ఎవరికీ కడుపు మండదు, ఎవరికీ పన్ను పుచ్చదు, ఎవరికీ రాత్రి నిద్ర పట్టకపోవడం ఉండదు. అందరూ ఇప్పుడే తలంటుకుని వచ్చినట్టుంటారు. రేవు అధికారి భార్య ఒకసారి బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, “పోలిక రావాలండీ, అలాగని మరీ ఆయనలా ఉండకూడదు” అంది. బావ ఆ మాటని నెలల తరబడి చెప్పుకుని నవ్వాడు, నవ్వుతూనే ఆవిడ అడిగినట్టే గీశాడు. అదీ బావ. వెక్కిరిస్తూనే వంగుతాడు. పైగా దానికి కళ అని పేరు, వారానికోసారి పత్రికవాళ్ళు వచ్చి ఫొటో తీసుకుంటారు, ఫొటోలో బావ ఎప్పుడూ కుంచె పంటితో పట్టుకుని ఉంటాడు, తినడానికేమీ లేనట్టు.

ముఖం పసితనంలోనే అబద్ధం నేర్చుకుంటుంది, ఇంటికి చుట్టం రాగానే నవ్వమని తల్లి తొడ మీద గిల్లిన రోజునే. చేతులూ నేర్చుకుంటాయి, ఆలస్యంగా. కానీ కూర్చోవడం ఎవరూ నేర్పరు. లోకంలో తనకి ఎంత కుర్చీ హక్కుగా ఉందని మనిషి లోలోపల నమ్ముతాడో అంత కుర్చీలోనే కూర్చుంటాడు. ఈ వాక్యం అతనిదే. క్లాసులో చెప్పేవాడు, పిల్లలు రాసుకునేవారు, ఒకడిద్దరు దాన్ని పరీక్షలో పుస్తకంలోని మాటగా రాశారు కూడా. ఆ రోజూ అదే పాఠం. అధికారం ఒంట్లో ఎలా ఉంటుందో చెబుతున్నాడు. చెబితే సరిపోయేది, చూపించబోయాడు. కుర్చీ వేదిక మధ్యకి లాక్కుని వెనక్కి పడిపోయి కూర్చున్నాడు, మోకాళ్ళు రెండు దిక్కులకి, మోచేతులు కుర్చీ చేతుల మీంచి బయటికి, గడ్డం పైకి, కళ్ళు సగం మూసి. ఎవర్ని చూపిస్తున్నాడో చెప్పక్కర్లేకపోయింది. ‘ఇస్త్రీ! ఇస్త్రీ!’ అని ముందు బెంచీలోంచి ఎవడో కుశాలగా అరిచాడు. ప్రిన్సిపాల్‌కి మాస్టర్లు పెట్టిన పేరది, చొక్కా మీద ముడత పడటం ఎవరూ చూసి ఎరగరు. క్లాసంతా విరగబడి నవ్వింది. తరవాత ఆ నవ్వు వెనక వరసల నుంచి ముందుకి ఆరిపోతూ వచ్చింది, పొడవాటి వరండాలో లైట్లు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వస్తున్నట్టు. వెనక తలుపులో నిలబడి ఉన్నాడు ఇస్త్రీ.

ఎంతసేపటి నుంచి ఉన్నాడో. అతను మాత్రం ఇంకా ఆ కూర్చోవడంలోనే ఉన్నాడు. ఒంట్లోంచి దిగిపోవడానికి టైము పడుతుంది కదా. ఆయన పక్కకి తిరిగి వెళ్ళిపోయాడు, బూట్లు చప్పుడు కాకుండా. అలాంటి మనుషులు అప్పటికప్పుడు ఏమీ అనరు, ఉడకబెట్టుకుని తింటారు.

బావ తల కాన్వాసు పక్కనుంచి బయటికొచ్చింది, ఒక కన్ను మూసి చూసి మళ్ళీ లోపలికి పోయింది. బావకి మనిషి కనబడడు, మచ్చలు కనబడతాయి. ఇక్కడ నలుపు, ఇక్కడ కొంచెం నీలం తగిలిన నలుపు, ఇక్కడ వెలుగు. అందుకే భయం లేదు. నడుము ఇంకో ఇంచు వచ్చింది. వీపుకీ కుర్చీకీ మధ్య ఇప్పుడు గాలి ఆడుతోంది, చెమట చల్లగా తగులుతోంది. అద్దంలో చూస్తే భుజాలు వచ్చేశాయి. ప్రిన్సిపాల్ తల కింద అతని భుజాలు. ఎంత బాగా అతికిపోయాయో చూస్తే అసహ్యం వేసింది. తలని మార్చుకుంటూ పోవచ్చు, భుజాలు ఎవరివైనా ఒకటే అన్నట్టున్నాయి.

పొయ్యి మీదనుంచి దింపిన టీ వాసన ముందు వచ్చింది, తరవాత అక్క వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. తమ్ముణ్ణి ఆ గౌనులో చూడలేక కాన్వాసు వైపు చూసింది, అక్కడున్న ముఖం చూడలేక చేతుల్లోని టీ కప్పుల వైపు చూసింది.

“తాగుతూ కూర్చోవచ్చా వాడు?” అని అడిగింది మొగుణ్ణి.

“తాగితే చెయ్యి కదులుతుంది. నాకివ్వు.”

“వాడికీ గొంతుంటుంది కదండీ.”

“గొంతు ఆయనది. నిన్ననే అయిపోయింది” అన్నాడు బావ.

“మీ వేళాకోళం తగలెయ్య” అంటూనే అక్క బావ కప్పు బల్ల మీద పెట్టి, రెండో కప్పు పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. అతను గడ్డంతోనే వద్దన్నాడు. ఇప్పుడు కదిలితే మళ్ళీ మొదటికి. అక్కకి అది కోపంలా కనిపించి ఉంటుంది, “ఆనుకుని కూర్చోరా, నడుం నొప్పెడుతుంది” అని మెల్లగా అంది. ఆవిడకి కనబడింది! ఇద్దరిలో కళ్ళున్నది ఆవిడకే, ఆ కళ్ళతో కనిపించేది మాత్రం నడుం నొప్పే. కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు దాటాక చెంగు ముక్కుకి పెట్టుకుందని చూడకుండానే తెలుసు. ప్రిన్సిపాల్ పిలిపించిన రోజు ఆయన గదిలో తమ్ముడు ఎలా నిలబడ్డాడో ఆవిడ ఎవరికి చెప్పకుండా ఉంది గనక! ‘మీ కుర్చీలో కూర్చోడానికి నేను ఇక్కడికి రాలేదు, పాఠం చెప్పడానికి వచ్చాను’ అనేసి, తలుపు వేసి, మెట్లు దిగి వచ్చేశాడట. పక్కింటివాళ్ళకి, కూరలావిడకి, తను కుట్టించుకునే దర్జీకి కూడా చెప్పింది. చెప్పిందల్లా నమ్మేవాళ్ళని గౌరవించడం కష్టం. అలా నమ్మేలా చెప్పినవాణ్ణి గౌరవించడం ఎలాగో అతనికి ఇంతవరకూ తెలియలేదు.

కూర్చున్నాడు. నిజంగా జరిగింది అదీ. గది, పెద్ద బల్ల, బల్ల మీద అద్దం పలక, పలక కింద పాత సభల ఫొటోలు. ఇస్త్రీ లేచి నిలబడి బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, ఎంతో మర్యాదగా, “నన్ను మీరు చాలా బాగా చూపిస్తారటగా. ఏదీ, చూపించండి” అన్నాడు, తన కుర్చీ వైపు చెయ్యి చాపి. అప్పుడు అనాల్సిన మాట అక్కడ తట్టలేదు, మెట్లు దిగుతుంటే తట్టింది. అందరికీ అంతే, మాటకి మెట్లంటేనే ఇష్టం. అక్కడ మాత్రం కాళ్ళు వాటంతటవే బల్ల చుట్టూ నడిచాయి. ఆ కుర్చీలో కూర్చున్నాడు. చూపిద్దామనే కూర్చున్నాడు, దేవుడి తోడు, వెనక్కి పడదాం, మోచేతులు చాపుదాం, చావో రేవో తేల్చుకుందాం అనే. ఒళ్ళు వెనక్కి పోలేదు. అంచున ఆగిపోయింది. మోకాళ్ళు దగ్గరికొచ్చాయి, చేతులు మోకాళ్ళ మీదికి వెళ్ళి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. క్లాసులో అంత విశాలంగా పరుచుకున్న మనిషి చిన్న పిల్లాడి పలకంత అయిపోయాడు. ఇస్త్రీ ఎదురుగా నిలబడి చూశాడు. చాలాసేపు చూశాడు. మొహంలోంచి ఏదో దిగిపోయింది. “ఇంతేనా?” అన్నాడు. ఇంకోసారి, ఇంకా మెల్లగా, “ఇంతేనా” అని, కిటికీ వైపు తిరిగి, “వెళ్ళండి” అన్నాడు. ఆ తరవాతి టర్ము టైంటేబుల్లో అతని పేరు లేదు.

ఇంతేనా. పిల్లల ముందు పులి, నా ముందు ఇంతేనా, అనే కదా అర్థం. ఆ మాట ఇన్నేళ్ళుగా అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. జడ్జి కోటులో కూర్చున్నప్పుడు తగిలింది, డాక్టరు కోటులో తగిలింది. ఒక్కో కోటులో ఆ రోజు కూర్చోలేని కూర్చోవడం కూర్చుని చూపించాడు. వెనక్కి ఆని, భుజాలు పరిచి, కుర్చీ మొత్తం నాదే అన్నట్టు. బావ “అదీ ఠీవి!” అంటుంటే లోపల ఇస్త్రీకి చూపిస్తున్నట్టే ఉండేది. చూడరా, వచ్చు నాకు. ఎవడి కోటులోనైనా వచ్చు. ఒక్క నా చొక్కాలోనే రాదు.

ఇవాళ కథ వేరు. ఇవాళ ఆ చిన్నబోయిన కూర్చోవడాన్ని పట్టుకెళ్ళి ఆయన మెడకే తగిలిస్తున్నాడు. ఎవరి వస్తువు వాళ్ళకి చేర్చడం కాదు, తన వస్తువు వాడి నెత్తిన పెట్టడం. నడుము అంచుకి వచ్చేసింది. తొడల కింద చెక్క అంచు కోస్తోంది. మడమలు లేచాయి. కుడి చెయ్యి మోకాలిచిప్ప మీదికి జారింది, ఎడమ చెయ్యి దాని వెనకే. నటించాల్సిన పని లేకుండా వేళ్ళు తమకి తెలిసిన చోటికి వెళ్ళిపోయాయి. ఆ తేలిక కొంచెం భయపెట్టింది. వెంటనే ఆనందం వచ్చి భయాన్ని మూసేసింది. ఎందుకంటే అద్దంలో బావ గుడ్డ ముక్క తీసుకుని ఒడి దగ్గర బొగ్గు గీతలు తుడిచేస్తున్నాడు. “ఈ గీతలకీ నీకూ పొత్తు కుదరట్లేదేంటోయ్, నిన్న తాగి గీశానా” అని గొణుక్కుంటూ, కిందికి, ముందుకి, కొత్తగా లాగుతున్నాడు. వస్తోంది. తెల్లటి తెలుపులో మోకాలు వచ్చింది, దాని మీద చెయ్యి వచ్చింది. బొగ్గులోనే ఎంత దిగులు! పైన దయగల ముఖం, ఇప్పుడు చూస్తే అది దయ కాదు. కింద ఒళ్ళు మారగానే పైన ముఖానికి అర్థం మారిపోయింది. అవే కళ్ళు, అవే చుక్కలు, కానీ ఇప్పుడవి ఎవర్నో బతిమాలుతున్నాయి. బావా, చూడు, కళ్ళలో ఏముందన్నావు? చూసుకో. ఛాతీలో వెచ్చగా, తియ్యగా, సిగ్గులేకుండా ఏదో పొంగింది. ఇంకాస్త. రంగు పడితే చాలు. రంగు పడ్డాక బావ బద్ధకస్తుడు, మళ్ళీ గీకడు.

బావ వెనక్కి వచ్చాడు. రెండడుగులు, మూడడుగులు, అద్దానికి తగిలేదాకా. కాన్వాసుని చూశాడు, అతన్ని చూశాడు, మళ్ళీ కాన్వాసుని చూశాడు. కుంచె తిరగేసి చెవి వెనక గోక్కున్నాడు. తరవాత పకపకా నవ్వాడు.

“ఓరి నీ దుంపతెగ! నీకెలా తెలిసిందోయ్?”

అతను అద్దంలోని మోకాలి వైపు చూశాడు.

“అచ్చం ఇంతే. ముఖం గీస్తున్నన్నాళ్ళూ ఆయన ఇదే కూర్చోడం. అంచున, మోకాళ్ళు పట్టుకుని. వెనక్కి ఆనుకోండి సార్, వెనక్కి ఆనుకోండి సార్ అని నా నోరు పడిపోయింది. ఆనుకుంటాడు, నేనిటు తిరిగి రంగు కలుపుకుని చూసేసరికి మళ్ళీ అంచున ఉంటాడు పిట్టలా.”

“ఎవరు?”

“ఎవరేంటి, మీ ఇస్త్రీయే. ఇదేంటి సార్ అంటే ఏమన్నాడో తెలుసా? ‘నలుగురున్నప్పుడు జాగ్రత్తగా వెనక్కి కూర్చుంటానండీ, ఒంటరిగా ఉంటే గుర్తుండదు. ఇది బొమ్మలోకి రానివ్వకండి’ అన్నాడు. చెవిలో చెప్పినట్టు చెప్పాడు పాపం. నేనైతే ఎవరికీ చెప్పలేదు, మీ అక్క మీద ఒట్టు. ఇంతకీ నువ్వెక్కడ చూశావ్?”

ఎక్కడ చూశాడు? ఎక్కడా చూడలేదు. కూర్చున్నాడు. ఆ గదిలో, ఆ కుర్చీలో. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తుకి రానిది ఇప్పుడు తొడల కింద నుంచి గుర్తుకొస్తోంది. ఆ కుర్చీకి తోలు మెత్త ఉండేది, ఆకుపచ్చది. వెనకవైపంతా కొన్ననాటి నిగనిగతో ఉబ్బెత్తుగా ఉండి, ముందు అంచున మాత్రం తోలు పగిలి, లోపలికి దిగి, ఒక గుంట. తను అంచున కూర్చోగానే ఆ గుంట తనకోసమే తవ్వి ఉంచినట్టు సరిగ్గా సరిపోయింది. ఒంటికి తెలిసింది, అతనికి తెలియలేదు. ఎదురుగా నిలబడి ఆయన చూసింది భయపడ్డ మాస్టరుని కాదు. తలుపు వేసుకున్నాక తను ఎలా కూర్చుంటాడో ఎవడో పట్టేశాడని చూశాడు. క్లాసులో మోచేతులు చాపిన నాటకానికి ఆయన నవ్వుకునే ఉంటాడు, పర్వాలేదు, బయటికి అలాగే ఉన్నాననుకుని. చూపించమన్నది ఆ నాటకాన్నే. చూపించినది ఇది. ‘ఇంతేనా?’ అంటే, నేను ఇంతేనా అని. కిటికీ వైపు ఎందుకు తిరిగాడో, రెండోసారి గొంతు ఎందుకు అంత పలచబడిందో ఇప్పుడు తెలిసింది. అంత నిజం చూపించినవాణ్ణి టైంటేబుల్లో ఎవడుంచుకుంటాడు? భయంతో కూర్చున్న కూర్చోడం తన జన్మలో చేసిన ఏకైక గొప్ప అనుకరణ అయింది, చూసినవాడు ఒక్కడే, వాడే తీసేశాడు. మనస్తత్వశాస్త్రం! ఒక మనిషిని ఇన్నేళ్ళు తిట్టుకుంటూ బతికి, ఆ తిట్టులో కనీసం ముఖమైనా సరిగ్గా గీసుకోలేకపోయాడు. రేవు అధికారి భార్య నయం. ఆవిడ పోలికైనా అడిగింది.

“ఏమోయ్, నిన్నే. ఎక్కడ చూశావంటే?”

“ఇలాగే వెయ్యి బావా” అన్నాడు. గొంతు తనదిలా లేదు.

“వేస్తే చెప్పు తెగేదాకా కొడతారు. పైగా ఆయన నోరు తెరిచి అడిగాడు, అది బొమ్మలోకి రానివ్వద్దని. ఎలాంటివాడైనా అడిగాక...” బావ మాట మధ్యలో ఆపేసి గుడ్డ తీసుకున్నాడు. మోకాలు పోయింది, దాని మీది చెయ్యి పోయింది, కాన్వాసు మీద బూడిద రంగు మసక మిగిలింది. “నువ్వు మామూలుగా కూర్చో. జడ్జిగారికి కూర్చున్నావు చూడు, అలా.”

అక్కడ ఒక క్షణం అతను ఏ మనిషికీ చెందకుండా ఉన్నాడు. అంచున అలాగే ఉండిపోవచ్చు. లేచి గౌను విప్పేసి వెళ్ళిపోవచ్చు, మెట్లు కూడా ఉన్నాయి. గౌను మెడ దగ్గర కలరా ఉండల వాసన కింద ఇంకో వాసన ఉంది, పాతది, ఒంటిది, భయపడ్డ ఒళ్ళు మూసిన గదిలో పట్టే చెమట వాసన. ఇందాకటి నుంచీ అది తనదే అనుకుంటున్నాడు. కావచ్చు. కాకపోవచ్చు. మడమలు బల్ల మీదికి దించాడు. నడుము వెనక్కి జరిపాడు, కొంచెం కొంచెం కాదు, ఒక్కసారిగా. వీపుకి కుర్చీ తగిలింది. భుజాలు పరిచాడు, మోచేతులు కుర్చీ చేతుల మీద వాల్చాడు, మెడ నిలిపాడు. ఆ గదిలో ఆ రోజు రానిది చిన్న కష్టం కూడా లేకుండా వచ్చేసింది, ఆయనకి ఏనాడూ రానిది, ఆయన కోసం.

“అబ్బ!” అన్నాడు బావ, కుంచెలు పిడికిట్లోకి తీసుకుంటూ. “అదీ కూర్చోవడమంటే. ఇలాంటివి నేర్చుకుంటే రావోయ్, పుట్టుకతో రావాలి.”

ముందు పొట్టలో మొదలైంది, తరవాత ఛాతీలోకి వచ్చింది. పెదవులు బిగించి ఆపుదామని చూశాడు, ఆగలేదు. నల్ల గౌను భుజాల దగ్గర నుంచి ఎర్ర అంచు దాకా కుదిపేస్తూ, చప్పుడు లేకుండా నవ్వుతూనే ఉన్నాడు.

“కదలకయ్యా” అన్నాడు బావ కాన్వాసు చాటునుంచి. “మడతలు పోతున్నాయ్.”